కారు రోగము - నిదానము

తెలుగున 'నిదానము' అను మాటకు రెండర్థములు కలవు. లోకవ్యవహారమున నిదానమనగా తొందర లేకపోవుట. 'నిదానమే ప్రధాన'మని పెద్దలు పిల్లలను మందలించునది ఈ అర్థముననే. వైద్యశాస్త్రమున నిదానమనగా రోగమునకు మూలమైన కారణము; ఆ కారణమును నిశ్చయించు విధానము కూడ. సంస్కృతమున నున్నది ఈ రెండవదే. మొదటిదానిని మన దక్షిణదేశపు భాషలు తామై చేర్చుకొన్నవి. ఎవరు చేర్చిరో గాని, చేర్చినవారికి వైద్యము కొంత తెలిసియుండవలెనని నాకు తోచును. తొందరపడినవానికి రోగకారణము చిక్కదు గదా!

మాధవకరుని 'రోగవినిశ్చయము'నకు లోకమున 'మాధవనిదాన'మను పేరే నిలిచినది. రోగమును తెలిసికొనుటకు ఆయుర్వేదము ఐదు మెట్లు చెప్పును: నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి. రోగము ఎందువలన వచ్చినది, రాకమునుపు ఏ సూచనలు కానవచ్చినవి, వచ్చిన పిదప లక్షణములేవి, దేనివలన తగ్గుచున్నది, తుదకు లోపల ఏ వరుసలో ఏమి జరిగి ఈ స్థితి ఏర్పడినది - ఇది వాని తాత్పర్యము. ఈ ఐదు మెట్లును మనుష్యదేహమునకే గాక మోటారుకారునకు కూడ సరిపోవునని విజయవాడ ఆటోనగరులో ఒక షెడ్డులో కూర్చుండి తెలిసికొంటిని. ఆ సంగతి చెప్పుటకు ముందు ఆ యంత్రమును గూర్చి కొంత చెప్పవలసియున్నది.

ఎడమకాలికి పని లేని కార్లు ఇప్పుడు మన వీధులలో సామాన్యమైనవి. వెనుక ఇవి ధనవంతుల వాకిళ్లలోనే కనబడెడివి. 2014లో మారుతీవారు సెలేరియో అను చిన్నకారులో తక్కువ వెలకు ఈ సౌకర్యమును తెచ్చిన పిదప మధ్యతరగతివారి ముంగిళ్లకును వచ్చినవి. ఆ చిన్నకారులోనిది నిజమునకు పాత గేర్ బాక్సే. క్లచ్చి త్రొక్కుట, గేరు మార్చుట అను మనిషిపనిని ఒక యంత్రహస్తము చేయును. ఇంకను వేరు జాతులు కొన్ని కలవు. అన్నిటిని ఎత్తుకొన్నచో ఈ పుట చాలదు. నూనె ఒత్తిడితో గేర్లు మారు అసలు జాతిని గూర్చియే చెప్పెదను.

ఈ జాతి యంత్రము సామాన్యులు కొనగల కార్లలోనికి వచ్చినది 1939లో. అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1940వ సంవత్సరపు ఓల్డ్స్‌మొబీల్ కార్లకు 'హైడ్రామాటిక్' అను పేరున దీనిని అమర్చిరి. అందు గేర్లు నాలుగు. వానిని మార్చు నిర్ణయములో విద్యుత్తునకు ప్రమేయమే లేదు. కారు వేగము హెచ్చుకొలది ఒకవైపు నూనె ఒత్తిడి హెచ్చును. డ్రైవరు కాలిత్రొక్కుడు బలము రెండవవైపు నుండి దాని కెదురు నిలుచును. ఈ రెండింటి నడుమ ఒక చిన్న కవాటము త్రాసుముల్లు వలె అటునిటు జరుగుచుండును. వేగము గెలిచినచో పై గేరు. త్రొక్కుడు గెలిచినచో క్రింది గేరు. అంతటి ఆలోచనను నూనెచేత చేయించిన ఆ శిల్పుల బుద్ధికి మ్రొక్కవలసినదే.

తరువాతి కాలమున ఆ రెండు ఒత్తిళ్లును రెండు అంకెలైనవి. వేగమును కొలుచుటకు సెన్సార్లు, ఆ అంకెలను చూచి నిర్ణయించుటకు ఒక కంట్రోల్ యూనిట్టు, దాని ఆజ్ఞను నూనెకు అందించుటకు సోలినాయిడ్లు వచ్చినవి. సోలినాయిడ్ అనగా వేరేమియు కాదు. సన్నని రాగితీగ చుట్ట, దాని నడుమ జరుగు ఇనుపముక్క. కరెంటు పోయినప్పుడు చుట్ట అయస్కాంతమై ఇనుపముక్కను లాగును; నూనెదారి ఒకటి తెరుచుకొనును, లేదా మూసుకొనును. ఆజ్ఞ విద్యుత్తుది, చాకిరి నూనెది. ఇందువలననే చిక్కు వచ్చినది. ఆజ్ఞ అందకపోయినను, అందిన ఆజ్ఞను నూనె నెరవేర్చలేకపోయినను బయటికి కనబడు లక్షణము ఒక్కటే: గేరు మారదు.

ఆజ్ఞ పూర్తిగా నిలిచిపోయినను కారు నడిబాటలో దిక్కులేక పడియుండకుండునట్లు ఒక ఏర్పాటు కలదు. సోలినాయిడ్లన్నియు నిద్రించినను నూనె తన దారిన తాను పోయి ఒక గేరును మాత్రము పట్టుకొని యుండును. కొన్ని కార్లలో అది రెండవ గేరు, కొన్నింట మూడవది. రివర్సు కూడ సాధారణముగా దక్కును. ఇంగ్లీషువారు దీనికి కుంటినడక అను అర్థమున 'లింప్ మోడ్' అని పేరిడిరి. మన మెకానికుల నోటను అదే పేరు. యజమానికి ఇది పెద్ద భయము కలిగించును గాని, వైద్యునికి ఇది ఒక పరీక్షాసాధనము. ఇంజను ఆపి, గేర్ బాక్సుకు పోవు వైర్ల కప్లరును ఊడదీసి, మరల ఇంజను వేసి కొద్దిదూరము నడిపిచూచినచో, ఆ ఒక్క గేరులో కారు జారక, వణకక చక్కగా లాగినచో నూనెపంపు బ్రతికియున్నదని, ఆ గేరునకు సంబంధించిన క్లచ్చిబిళ్లలు అరిగిపోలేదని తెలియును. లక్షల రూపాయల భయములో సగము ఈ ఐదు నిమిషముల పరీక్షతో తీరును. ఇది చేయకయే 'గేర్ బాక్సు పోయింది సార్' అను మాట పుట్టుచున్నది.

ఇక సంకేతముల సంగతి. కారునకు స్కానరు తగిలించినచో అది కొన్ని అంకెలు చూపును. అమెరికాలో 1996 నమూనా కార్ల నుండి అన్ని కంపెనీలవారికిని ఒకే తీరు సంకేతములు తప్పనిసరియైనవి. ఇతర దేశముల కార్లును క్రమముగా ఆ దారి పట్టినవి. వీనిలో పి 0700 అనునది చాలమందిని బెదరించును. అది రోగమే కాదు. గేర్ బాక్సు యూనిట్టు వద్ద ఒక ఫిర్యాదు ఉన్నది, పోయి అచట అడుగుమని చెప్పు జవాను మాత్రమే. పి 0751 అనగా మొదటి సోలినాయిడ్ అనుకొన్నట్లు పని జరుపలేదని. పి 0753 అనగా ఆ సోలినాయిడ్ యొక్క విద్యుత్ మార్గములోనే తేడా యున్నదని. చివరి అంకె ఒక్కటే వేరు. కాని మొదటిదానికి నూనెలో మడ్డి, కవాటము బిగుసుకొనుట వంటివి వెదకవలెను, రెండవదానికి తీగలు వెదకవలెను. ఛందస్సులో ఒక లఘువు గురువైన మాత్రమున గణము మారిపోవుట మా విద్యార్థులకు ఎంత చెప్పినను తలకెక్కదు. ఈ అంకె చూపించి చెప్పినచో ఎక్కునేమో!

ఇందులో ఇంకొక సూక్ష్మము కలదు. పి 0753 సోలినాయిడ్ చెడినదని చెప్పుట లేదు. దాని మార్గము చెడినదని మాత్రమే చెప్పుచున్నది. మార్గమనగా రాగిచుట్ట, పోవు తీగ, వచ్చు తీగ, కప్లరులోని పిన్నులు, యూనిట్టు లోపలి మీట, దానికి కరెంటు తెచ్చు తీగ, తుదకు ఎర్తు. ఇన్నింటిలో చుట్ట ఒకటి మాత్రమే. సాక్షి తాను చూచినది చెప్పును. తీర్పు చెప్పుట న్యాయాధిపతి పని. అంకెను చూచి నేరుగా దుకాణమునకు పోయి వస్తువు కొని తెచ్చుట, సాక్షి నోట వచ్చిన మొదటి పేరుగలవానిని పట్టుకొని కారాగారమున వేయుటతో సమానము.

తీగలను వెదకుటకు ముందు చూడవలసినవి చిన్నచిన్న సంగతులు. నూనె మట్టము, దాని రంగు, వాసన. బ్యాటరీ: ఇంజను ఆపియుండగా నిండుగా ఉన్నదానికి 12.6 వోల్టులు రావలెను. ఇంజను నడుచునప్పుడు ఇంచుమించు 13.5 నుండి 14.5 వరకు. బ్యాటరీ క్షీణించిన కారులో యూనిట్టు చెప్పు ఫిర్యాదులు నీరసించిన రోగి పలవరింతల వంటివి; ఏదియు నమ్మరాదు. మరియొకటి, కారు 'పి' నుండి గేరులోనికి రానే రాదని లాగుడుబండి పిలిపించువారు కలరు. బ్రేకు త్రొక్కిననే గాని మీట కదలకుండుట ఈ కార్లలో రక్షణకై చేసిన ఏర్పాటు. బ్రేకు త్రొక్కిన వార్తను చేరవేయునది సాధారణముగా వెనుక ఎర్రదీపమును వెలిగించు స్విచ్చియే. ఆ దీపపు ఫ్యూజు కాలిపోయినను, స్విచ్చి అరిగిపోయినను మీట కదలదు. ఇంటిలోని పిల్లవాని నొకనిని కారు వెనుక నిలువబెట్టి, బ్రేకు త్రొక్కి, దీపము వెలిగినదా అని అడుగుట మొదటి పరీక్ష. దీనికి స్కానరు అక్కరలేదు.

సంప్రాప్తి, అనగా రోగము లోలోపల నడచిన దారి, తెలియకపోయినచో ఎంత ముప్పు వచ్చునో చూపుటకు ఒక ప్రసిద్ధమైన ఉదాహరణము కలదు. మెర్సిడెస్ బెంజ్ వారు 1996 ప్రాంతమున ఐదు గేర్ల పెట్టె నొకదానిని తెచ్చిరి. 722.6 అని దాని సంఖ్య. అందు వైర్లు లోనికి పోవు చోట ఒక గుండ్రని ప్లగ్గు, దానికి చిన్న రబ్బరు వలయములు. కాలక్రమమున ఆ రబ్బరు గట్టిపడి నూనె చెమర్చును. క్రిందికి కారిన నూనె ఎట్లును కంటికి కనబడును. కాని కొంత నూనె తీగల సందులలో చేరి, ప్రమిదలోని వత్తి నూనెను పీల్చినట్లు పైపైకి ప్రాకి, ఎక్కడనో దూరముననున్న కంట్రోల్ యూనిట్టులో చేరును. అప్పుడు రకరకముల సంకేతములు, కుంటినడక. యూనిట్టు విప్పినచో లోపల నూనె! యూనిట్టును మార్చి ప్లగ్గును మార్చనిచో క్రొత్తదానిలోనికి కూడ వత్తి నూనెను మోయుచునే యుండును. తలలో రోగము, మూలము పాదములో. వానిలో వెలకు మిక్కిలి తక్కువైనది ఆ ప్లగ్గు.

ఇక ఆటోనగరు సంగతి. ఆ షెడ్డు యజమాని ఇంటర్మీడియట్‌లో నా వద్ద తెలుగు చదివినవాడు. పద్యము ఒప్పజెప్పుటలో ఏనాడును మార్కులు తెచ్చుకొన్నవాడు కాడు. ఇప్పుడు నలువదేండ్లు దాటినవి. కార్ల విద్యుత్ రోగములకు ఆ వీధిలో మంచి పేరు. గత వేసవిలో వాని షెడ్డుకు ఒక కారు వచ్చినది. దాని యజమాని ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడు. చిన్ననాడు పోలియో వలన ఎడమకాలు చచ్చుబడినది. పాఠశాల ముప్పది కిలోమీటర్ల దూరము. రెండు బస్సులు మారి, కర్ర ఊతముతో ఎక్కి దిగుచు పదునాలుగేండ్లు తిరిగినవాడు. ఎడమకాలు అక్కరలేని ఈ కారు కొనుక్కొన్ననాడే తాను ఒకరి చేయి పట్టుకొనకుండ ఇల్లు కదలితినని ఆయన నాతో చెప్పెను. అట్టి కారు మూడు వారములుగా మూలబడియున్నది. ఇంకొకచోట చూపించగా యూనిట్టును, సోలినాయిడ్లున్న కవాటపుపెట్టెను మార్చవలెనని, 1,85,000 రూపాయలగునని చెప్పిరట. ఆయన భవిష్యనిధి నుండి అప్పునకు దరఖాస్తు వ్రాసి జేబులో పెట్టుకొనియే యుండెను.

లక్షణములు ఇవి. ఉదయము పాఠశాలకు పోవునప్పుడు ఏ ఇబ్బందియు లేదు. మధ్యాహ్నము మరలివచ్చునప్పుడు, బెంజి సర్కిలు వద్ద వాహనముల రద్దీలో చిక్కగానే కారు మూడవ గేరులో బిగుసుకొనును. హెచ్చరిక దీపము వెలుగును. ప్రక్కన ఆపి కొంతసేపు ఊరకున్నచో మరల బాగుపడును. స్కానరు చూపిన సంకేతములు నాలుగు: రెండు సోలినాయిడ్ల మార్గములకు చెందిన పి 0753, పి 0758, వేగమును కొలుచు సెన్సారునకు చెందిన పి 0720, వోల్టేజి తగ్గినదని చెప్పు పి 0562. మొదట చూచినవారు చేసిన ఊహ అర్థము లేనిది కాదు. వేడెక్కిన పిదప వచ్చుచున్నది గావున చుట్టలలో తీగ వేడికి తెగుచున్నది. మూడు మార్గములు ఒక్కసారి చెడినవి గావున యూనిట్టు కూడ చెడినది.

నా శిష్యుడు ఆ చీటీ చూచి నవ్వెను. "మాస్టారూ, ఒక ఇంట్లో నలుగురికి ఒకే గంటలో వాంతులైతే నలుగురికీ నాలుగు మందులు రాయకూడదు గదండీ. అందరూ ఏం తిన్నారో చూడాలి."

తార్కికులు దీనినే లాఘవము అందురు. ఒక్క కారణముతో తీరుచోట నాలుగు కారణములు కల్పించుట గౌరవదోషము. వాడు తర్కము చదివినవాడు కాడు. ఆ మాట వానికి చెప్పగా, "మాకు అలా పేరేం లేదండీ, వైరింగ్ బొమ్మ చూస్తే తెలిసిపోద్ది" అనెను.

మొదట సోలినాయిడ్ల పని పట్టిరి. ఉదయము చల్లగా నున్నప్పుడు కప్లరు వద్ద మీటరు పెట్టి చూడగా మొదటి చుట్ట నిరోధము 14.6 ఓములు. కారును గంటసేపు త్రిప్పి, నూనె 90 డిగ్రీలకు వచ్చిన పిదప చూడగా 17.9. నేను ఇది చెడినట్లే గదా అని అడుగుటకు ముందే వాడు చెప్పెను, రాగి వేడెక్కినచో డిగ్రీకి ఇంచుమించు 0.4 శాతము చొప్పున నిరోధము పెరుగుట సహజమని. ముప్పది నుండి తొంబది వరకు లెక్క వేసినచో సరిగా అంతయే రావలెను. తెగిన చుట్టయైనచో ఓములు మీటరు అంచు దాటిపోయెడివి. రెండవ చుట్టయు అట్లే ఆరోగ్యముగా నున్నది. కాబట్టి చుట్టలు నిర్దోషులు.

తరువాత వాడు చేసిన పని నాకు మిక్కిలి నచ్చినది. స్కానరులో యూనిట్టు తనకు అందుచున్నదని చెప్పుకొను వోల్టేజిని చూపించు పుట యొకటి కలదు. దానిని తెరచి పెట్టి, వేరొక మీటరును బ్యాటరీకి తగిలించి, కారును నిలిపియే ఇంజను నడిపించుచు కూర్చుండెను. పావుగంట వరకు రెండును ఇంచుమించు సమానము. పిదప ముందు రేడియేటరు ఫ్యాను గిర్రున తిరుగనారంభించెను. వెంటనే యూనిట్టు అంకె 11.4కు దిగెను. బ్యాటరీ వద్ద 13.8. ఫ్యాను ఆగెను, అంకె పైకి వచ్చెను. మరల తిరిగెను, మరల దిగెను. నడుమ 2.4 వోల్టులు దారిలో ఎవరో మింగుచున్నారు.

ఇక్కడ నాకు అన్నంభట్టు జ్ఞప్తికి వచ్చెను. మన ఆంధ్రుడే యైన ఆ పండితుడు తర్కసంగ్రహమున ఉపాధి అను దోషమును చెప్పినాడు. పొగ యున్నచోట నిప్పు ఉండును; కాని నిప్పున్నచోట నెల్ల పొగ యుండునని చెప్పరాదు. ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండులో నిప్పే గాని పొగ లేదు. పొగ రావలెనన్న తడికట్టె కూడ ఉండవలెను. ఆ తడికట్టెయే ఉపాధి. వేడి వచ్చినప్పుడెల్ల రోగము వచ్చుచున్నదనుట అట్టి మాటయే. రోగమునకు కారణము వేడి కాదు. వేడికి తిరుగు ఫ్యాను. ఉదయము బాటలో వేగముగా పోవునప్పుడు గాలి రేడియేటరును తానే చల్లార్చును, ఫ్యానుకు పని తక్కువ. మధ్యాహ్నము రద్దీలో గాలి లేదు, ఏ.సి. కూడ వేసియున్నారు, ఫ్యాను ఆగదు.

ఊహ ఎంత అందముగా నున్నను పరీక్షింపక విడువరాదు. మరునాడు ఉదయము ఇంజను చల్లగా నుండగనే ఏ.సి. వేసిరి, దానితో ఫ్యాను తిరిగెను. షెడ్డు ముందు బాటపై రెండు మూడు చుట్లు త్రిప్పిరో లేదో, చల్లని కారు కుంటినడకలో పడెను! ఇది అన్వయము. ఆ సాయంకాలము వేడిగా నున్న ఇంజనులో ఫ్యాను కప్లరును రెండు నిమిషములు ఊడదీసి, వేడి అంకెను కనిపెట్టుచు నడిపిరి. గేర్లు నాలుగును వరుసగా మారినవి. ఇది వ్యతిరేకము. ఇక మూడవది ఉపశయము: ఫ్యానును తిరుగనిచ్చుచునే, యూనిట్టు ఎర్తుతీగ నుండి బ్యాటరీ నెగెటివునకు విడిగా ఒక లావుతీగ వేసిరి. రోగము రాలేదు. అప్పటికి గాని వాడు పానా చేతబట్టలేదు. అప్పటికి ఒక పగలు, ఒక పూట గడచినవి.

బ్యాటరీ తట్ట క్రింద ఒక బోల్టు. దానిపై రెండు నల్లతీగలు: ఒకటి ఫ్యానుది, రెండవది యూనిట్టుది. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి సింగునగరు మొదలగు ప్రాంతములు మునిగినప్పుడు ఆ ఉపాధ్యాయుని కారు రెండు దినములు నీటిలో నున్నది. తరువాత కడిగించినారు, ఆరబెట్టించినారు, కొన్ని నెలలు ఏ లోపము లేక తిరిగినది. కాని ఆ బోల్టు క్రింద చేరిన తడి నెమ్మదిగా తుప్పైనది. రాగిలగ్గుపై పచ్చని చిలుము పట్టినది. ఆ బోల్టు గుండా ఫ్యాను తిరుగునప్పుడు పోవు ప్రవాహము క్లాంపు మీటరుతో చూడగా 20 ఆంపియర్లు. 2.4 వోల్టులను 20చే భాగించినచో తుప్పు నిరోధము 0.12 ఓము. ఎంత స్వల్పము! సాధారణ మీటరు తీగలు రెండును కలిపిపట్టినను అంతకంటె ఎక్కువ చూపును. అందువలన ఓములు కొలిచి చూచినవారికి ఎర్తు బాగుగనే యున్నట్లు కనబడినది. బరువు మోయించి చూచిననే గాని దాని బలహీనత బయటపడదు. ఖాళీ కావడి మోయుటలో అందరును బలవంతులే. ఆ 0.12 ఓముల వద్ద పుట్టు వేడి 48 వాట్లు. టంకము పెట్టు కాడకు అంత చాలును. వాడు నా వ్రేలిని ఆ బోల్టు దగ్గరకు తీసికొనిపోయి, "తాకవద్దు, ఊరికే చూడండి మాస్టారూ" అనెను. సెగ తెలిసినది.

విప్పిరి. ఇనుము మెరయునంతవరకు గీకి, క్రొత్త లగ్గులు నొక్కి, పండ్ల వాషరు వేసి బిగించి, పైన గ్రీజు పూసిరి. యూనిట్టు ఎర్తును వేరొక బోల్టునకు మార్చిరి. సామానుకు నూరు రూపాయలు కూడ కాలేదు.

దీని వెల యెంత? ఇచటనే నాకు విచారము కలుగుచున్నది. వాడు 2,500 రూపాయలు అడిగెను. ఉపాధ్యాయుడు మారుమాట లేక ఇచ్చెను. కాని అందరును అట్లు ఇచ్చువారు కారు. నేను కూర్చుండియున్న దినముననే వేరొక పెద్దమనిషి, కారులో ఒక తీగ తెగిన చోటు కనుగొని అతికినందుకు 900 అడుగగా, "ఒక్క వైరు కలిపినందుకా?" అని కేకలు వేసెను. ఆయనయే యూనిట్టును మార్చి ఎనుబదివేలు అడిగినచో పెట్టెపై అచ్చువేసిన ధర చూచి, కొంత తగ్గించుమని బేరమాడి, ఇచ్చియుండును. వస్తువునకు అచ్చుధర కలదు, ఆలోచనకు లేదు. రెండు దినములు ఆలోచించి బోల్టు గీకిన మెకానికు పస్తులుండి, పది నిమిషములలో పెట్టె మార్చినవాడు మేడ కట్టుచున్నాడన్నచో తప్పు వారిది మాత్రమే కాదు. లక్షాఎనుబదియైదువేలు చెప్పినవారు మోసగాండ్రని కూడ నేననను. వాకిట తొమ్మిది కార్లు నిలిచియుండగా ఒక ఫ్యాను ఎప్పుడు తిరుగునా అని పావుగంట కాచుకొను తీరిక వారికి ఎవరిచ్చిరి? ఆ తీరికకు మనము వెల కట్టుట లేదు.

నా శిష్యుడు ఇప్పుడు ఒక క్రొత్త పద్ధతి పెట్టినాడు. కారు షెడ్డులోనికి రాకమునుపే చెప్పును: వెదకుటకు ఇంత, బాగుచేయుటకు వేరుగా ఇంత, కారణము దొరకనిచో వెదకినదానిలో సగమే. కొందరు విని వెనుదిరుగుదురు. పోనిచ్చును. బిల్లులో దానికి విడిగా ఒక వరుస. నేను ఆ పుస్తకము తీసి చూడగా 'నిధానము' అని వ్రాసియున్నది. నిధానమనగా పాతిపెట్టిన ధనము. ముప్పదేండ్లుగా తప్పులు దిద్దుచున్న చేయి ఊరకుండునా? కలము తీసితిని. ఏమి తోచినదో, దిద్దలేదు.

అప్పటికి వాని షెడ్డు ముందు ఇంకను మూడు కార్లున్నవి. వానిలో రెండు ఆ వరదనీటిని చూచినవే. ఒకదానిని ఏలూరు వైపు పల్లెనుండి వచ్చిన యువకుడు ఆరు నెలల క్రిందట పాతబండిగా కొన్నాడట; నీట మునిగిన సంగతి అమ్మినవాడు చెప్పలేదు. శిష్యుడు డ్రైవరు సీటు జరిపి క్రింది తివాచీని ఎత్తి చూపెను. తలుపు అంచునుండి జానెడు ఎత్తున ఎండిన ఒండ్రుమట్టి గీత. ఆ నమూనా కారులో గేర్ బాక్సు యూనిట్టు ఉండుచోటు ఆ సీటు క్రిందనే. యువకుడు ఆ గీతను, శిష్యుని ముఖమును మార్చిమార్చి చూచుచు, "దీనికి ఎంతవుద్దండీ?" అని అడిగెను. "ముందు చూడనీ తమ్ముడూ" అని వాడు మీటరు తీసికొని వంగి కూర్చుండెను.